ఆపిల్, తేనె సరే గానీ మా వంటింటి సంగతి రాయండి

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో కడుపుకు హాయినిచ్చే ఆహారమని ఒక పట్టిక వేసి, ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్, పరీక్షల్లో ఏమీ కనపడకుండానే ఏళ్ల తరబడి కడుపును వేధించే పేగు జబ్బు) ఉన్నవాళ్లు కూడా ఇవే తినొచ్చని కింద ఒక ముక్క కలిపారు. ఆపిల్, గ్లాసు పాలు, గోధుమ రొట్టెలు, ఉడికించిన శనగలు, తేనె, గోధుమ తవుడు. రాసినాయనకు ఐబీఎస్ లేదని ఆ పట్టిక చూస్తేనే తెలిసిపోతోంది. ఉంటే అందులో సగం సరుకు ఆయన ఇంటి గడప తొక్కేది కాదు. మామూలు మనిషికి రెండ్రోజులు మలబద్ధకం వస్తే చెప్పే తిండి వేరు, ఏళ్ల తరబడి పేగుతో వేగుతున్నవాడికి పడే తిండి వేరు. రెండింటినీ ఒకే పట్టికలో కలిపేస్తే పేపర్లో వచ్చింది కదా అని నమ్మి తిని, మధ్యాహ్నానికి పొట్ట పట్టుకుని కూర్చునేది మేము.

నేను కర్నూలు మార్కెట్ యార్డులో ఎర్రగడ్డల కమీషన్ దుకాణంలో గుమాస్తాను. పొద్దున వేలం పాటల దగ్గర్నుంచి సాయంత్రం లెక్కలు కట్టేదాకా ఎర్రగడ్డల మూటల మధ్యనే ఉంటాను, ఆ ఎర్రగడ్డే నాకు పడదు. మా యార్డులో ఈ మాట చెబితే ఇప్పటికీ నవ్వుతారు, మీరూ నవ్వుకోండి, కానీ ఉత్తరం చివరిదాకా చదవండి.

మా వైపు ఈ జబ్బును జబ్బని ఎవరూ అనుకోరు. గ్యాస్ అంటారు, వేడి చేసింది అంటారు, అమీబా అంటారు. కడుపులో నొప్పి, బయటికి వెళ్లొస్తే కాస్త తెరిపి, కొందరికి విరేచనాలు, కొందరికి మలబద్ధకం, కొందరికి వారం ఇది వారం అది. మూడు నెలలుగా వారానికి ఒక్క రోజైనా ఇట్లాంటి నొప్పి వస్తూ, దాంతోపాటు విరేచనం తీరు మారుతుంటే డాక్టర్లు ఐబీఎస్‌ను అనుమానిస్తారు. స్కానింగ్ బాగుంటుంది, ఎండోస్కోపీ బాగుంటుంది, రక్త పరీక్ష బాగుంటుంది. అన్నీ బాగున్నాయి కదా, మరి నీకేం రోగమని ఇంట్లోవాళ్లే అడుగుతారు. పేగుకు పుండు ఉండదు, వాపు ఉండదు. అది కదిలే తీరు, దాని నరాలు స్పందించే తీరు తేడాగా ఉంటాయి. పక్కవాడికీ అంతే గ్యాస్ వస్తుంది, వాడికి తెలియకుండానే పోతుంది. మనకు అదే గ్యాస్ కత్తితో కోసినట్టుంటుంది. కొందరికి ఎప్పుడో కలుషిత నీళ్ల వల్లనో, ఫంక్షన్ భోజనం వల్లనో గట్టిగా వాంతులూ విరేచనాలూ అయ్యి, ఆ ఇన్ఫెక్షన్ పోయాక కూడా పేగు ఇట్లా మిగిలిపోతుంది.

ఇక తిండి. కొన్ని రకాల చక్కెరలు మన చిన్నపేగులో సరిగా ఇంకవు. అవి నీళ్లను తమవైపు లాక్కుంటూ పెద్దపేగులోకి పోతాయి, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి గ్యాస్ చేస్తాయి. అందరి కడుపులోనూ జరిగేదే ఇది, చెప్పాను కదా, నొప్పి మాత్రం మనకు. ఈ చక్కెరలన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్‌లు అంటారు. ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లోని మోనాష్ యూనివర్సిటీకి చెందిన పీటర్ గిబ్సన్, స్యూ షెపర్డ్ 2005లో ఈ పేరును వాడుకలోకి తెచ్చారు. తర్వాత అక్కడివాళ్లే ఒక్కో కూరగాయను, ఒక్కో ధాన్యాన్ని ప్రయోగశాలలో పరీక్షించి ఏది ఎంత తింటే ఫరవాలేదో కొలతలు కట్టారు. మీ పట్టికలోని ఆపిల్, తేనెలో ఫ్రక్టోజ్ ఎక్కువ, పాలలో లాక్టోజ్, గోధుమలో ఫ్రక్టాన్లు, శనగల్లో ఇంకో రకం. అన్నీ ఆ లెక్కలో పైవరసలో ఉన్నవే. పరగడుపున ఆపిల్, దాని మీద పాలూ తేనే తీసుకున్నవాడి సంగతి నేను వేరే చెప్పాలా?

రాయలసీమ వంటకు అసలు చిక్కు ఎర్రగడ్డ, తెల్లగడ్డ దగ్గరే. కూరలో ముక్కలు ఏరి పళ్లెం అంచున పెట్టేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు, సరిపోదు. వీటిలోని ఫ్రక్టాన్లు నీళ్లలో కరుగుతాయి. అంటే ముక్క పడేసినా పులుసులోకి దిగాల్సింది దిగిపోయే ఉంటుంది. నూనెలో మాత్రం కరగవు. ఈ ఒక్క ముక్క తెలిస్తే వంటిల్లు సగం దారిలోకి వస్తుంది. మా ఇంట్లో ఆమె ఏం చేస్తుందంటే, బాండ్లీలో నూనె పోసి, నాలుగు తెల్లగడ్డ పాయలు పొట్టు తీసి ఊరికే కాస్త నలిపి అందులో వేసి, సన్న మంట మీద అవి ఎర్రబడే దాకా ఉంచి, చిల్లుల గరిటెతో ఒక్కటి కూడా మిగలకుండా తీసేస్తుంది. తీసిన పాయలు పిల్లల పచ్చట్లోకి పోతాయి. ఆ నూనెలోనే ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, ఒట్టిమిరపకాయ వేసి పోపు పెడుతుంది. వీధి చివరిదాకా తెల్లగడ్డ వాసన వస్తుంది, నా కడుపు మాత్రం నోరెత్తదు. రెండు జాగ్రత్తలు: పాయలు తీయకముందు అందులో నీళ్లు గానీ చారు గానీ పడకూడదు, పడితే చేసిందంతా వృథా. ఆ నూనె సీసాలో పోసి బయట రోజుల తరబడి దాచుకోకూడదు, విషపు బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది, ఏ పూటకాపూట చేసుకోవాలి. ఎర్రగడ్డ రుచి కావాలంటే ఉల్లికాడల్లో పచ్చటి భాగం కోసి వేసుకోవచ్చు, కింద తెల్లటి గడ్డ వద్దు. ఇంగువ చిటికెడు పడుతుంది, అయితే డబ్బాలో అమ్మే ఇంగువలో ఎక్కువగా మైదా కలుపుతారు కాబట్టి గోధుమ అసలే పడనివాళ్లు లేబులు చదివి కొనాలి.

తర్వాత బ్యాళ్లు. మన దగ్గర ఎవరికి నలతగా ఉన్నా పప్పు కట్టు తాగిస్తాం. కందిబ్యాళ్లు మెత్తగా ఉడికించి, పైన తేరిన నీళ్లు వంచి, చారు కాచి, తేలికగా ఉంటుంది తాగమంటాం. జ్వరం పడి లేచినవాడికి అది మంచిదే కావచ్చు, నేనేం కాదనను. కానీ పప్పుల్లో గ్యాస్ చేసే చక్కెరలు కూడా నీళ్లలోకే దిగుతాయి, అంటే ఆ తేరిన కట్టులోకే. ఐబీఎస్ ఉన్నవాడికి కట్టు తాగించి పప్పు ఇంట్లోవాళ్లు తింటే పంపకం తిరగబడినట్టే. మనం చేయాల్సింది దీనికి ఎదురు: బ్యాళ్లు రాత్రి నానబెట్టి ఆ నీళ్లు పారబోసి, వేరే నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు కూడా వంచేసి, మిగిలిన పప్పు రెండు మూడు చెంచాలు అన్నంలో కలుపుకోవడం. పెసరబ్యాళ్లు కందిబ్యాళ్ల కన్నా చాలామందికి పడతాయి. గుగ్గిళ్లు, అలసందలు, రాజ్మా మొదట్లో పూర్తిగా పక్కన పెట్టాలి. ఓళిగలు పండక్కి ఒకటి తింటే ఏమౌతుందని అత్తగారు బతిమాలుతారు. శనగబ్యాళ్లూ మైదా రెండూ ఒకే ఓళిగలో ఉన్నాయి, ఏమౌతుందో ఆమెకు తెలియదు, పాపం.

ధాన్యం విషయంలో మనం అదృష్టవంతులం. బియ్యం, జొన్నలు, రాగుల్లో గోధుమకున్న చిక్కు లేదు. కేసీ కాలువ కింద పండే సోనా బియ్యం అన్నం, వేడి వేడి జొన్న రొట్టె, రాగి సంగటి, ఇవి ఉన్నవాడికి ఇంకేం కావాలి? సంగటి మాత్రం చిన్న ముద్దతో మొదలుపెట్టి కుదిరితే పెంచుకోవాలి, పీచు ఎక్కువ కదా. సంగటిలోకి నాటుకోడి పులుసే కావాలని నాలుక అంటుంది, నిజమే. కోడికూరలో కోడిది తప్పేమీ లేదు. మాంసంలో, చేపలో, గుడ్డులో ఈ పులిసే చక్కెరలే ఉండవు. గొడవంతా దానికి పట్టించే మసాలా ముద్దలో ఉంది, పైన తేలే నూనెలో ఉంది. కొవ్వు ఎక్కువైతే పెద్దపేగు గట్టిగా ముడుచుకుంటుంది, చెయ్యి కడుక్కునేలోపే పరుగు తీయాలి. అల్లం, ధనియాలు, మిరియాలు, ఉల్లికాడలతో ఇంట్లో చేసిన కోడికూర వేసుకుని సంగటి తినేవాళ్లు ఉన్నారు, బాగానే ఉన్నారు.

బొంబాయి రవ్వ ఉప్మా, పూరీ, పరోటా, బేకరీ బన్ను అన్నీ గోధుమ సంతానమే, ఉప్మా తేలికని పొద్దున్నే దాన్ని పెట్టేవాళ్లకు చెబుతున్నా. దానికన్నా ఉగ్గాని నయం. అవును, ఉగ్గానే! బొరుగులు బియ్యంతో చేసినవే. నానబెట్టి నీళ్లు పిండేసి, పైన చెప్పిన తెల్లగడ్డ నూనెలో జీలకర్ర, పసుపు, కరివేపాకు, ఒక టమోటా, పుట్నాల పొడి బదులు ఒక చెంచా చెనక్కాయల పొడి వేసి కలిపితే చాలు. పక్కన మిరపకాయ బజ్జీ లేకపోతే అది ఉగ్గానే కాదంటారు మావాళ్లు, అననీయండి. చెనక్కాయలు కూడా గుప్పెడు దాకా ఇబ్బంది పెట్టవు, అనంతపురం వాళ్లు భయపడక్కర్లేదు. చెనక్కాయల ఊరిమిండిలోకి ఎర్రగడ్డ, తెల్లగడ్డ వేయకుండా నూరుకోవాలి, అంతే.

కారం గురించి రాయకపోతే మా సీమ వాళ్లు ఈ ఉత్తరాన్ని ఒప్పుకోరు. మిరపకాయ ఫాడ్‌మ్యాప్ కాదు, అది గ్యాస్ చేయదు. కానీ దాని మంట పుట్టించే పదార్థం పేగులో నొప్పిని పట్టే నరాల మీద నేరుగా పనిచేస్తుంది, మన నరాలు ముందే రెచ్చిపోయి ఉంటాయి. కడప ఎర్రకారం దోసె మీద చూడండి, నూరిన ఒట్టిమిరపకాయ, ఎర్రగడ్డ, తెల్లగడ్డ, పైన పప్పుల పొడి, నెయ్యి. ఐబీఎస్‌కు ఏమేమి పడవో అన్నీ ఒకే దోసె మీద వరుసగా పరిచినట్టు ఉంటుంది. ఎంత రుచిగా ఉంటుందో నాకూ తెలుసు. కారం పూర్తిగా మానెయ్యక్కర్లేదు, మిరియాలు, అల్లం, పోపులో తుంచకుండా వేసిన మిరపకాయతో నాలుకను ఒప్పించుకోవచ్చు. పుట్టినప్పటి నుంచీ కారం తిన్నవాడికి చప్పిడి కూడు పెడితే రెండు రోజులు తింటాడు, మూడో రోజు పచ్చడి జాడీ దగ్గరికి పోతాడు.

పాలు చాలామందికి పడవు. పెద్దయ్యాక లాక్టోజ్ అరిగే శక్తి తగ్గడం మన దక్షిణాదిలో మామూలే. బాగా తోడుకున్న పెరుగు కొందరికి కొంచెం కొంచెంగా పడుతుంది, చూసుకోవాలి. టీ, కాఫీ రోజుకు మూడు కప్పులు దాటకపోవడం మంచిదని బ్రిటన్ ప్రభుత్వ వైద్య మార్గదర్శకాల్లో ఉంది. యార్డులో ఆ లెక్క పది గంటలకే అయిపోతుంది, అది వేరే విషయం. పండ్లలో బొప్పాయి, బత్తాయి, జామ, మరీ మగ్గని అరటిపండు మేలు. బాగా మగ్గిన అరటిపండు, పుచ్చకాయ, మామిడి తగ్గించాలి. బంగినపల్లి అంత దగ్గర్లో పెట్టుకుని మామిడి వద్దనడం అన్యాయమే, రెండు ముక్కలతో ఆగగలిగినవాళ్లు తినండి. షుగర్‌లెస్ చూయింగ్ గమ్, షుగర్ లేని స్వీట్లలో వేసే సార్బిటాల్ అనే తీపి పదార్థం మాత్రం మాలో చాలామందికి శత్రువే. కూరల్లో బీరకాయ, బెండకాయ, వంకాయ, క్యారెట్, ఆలుగడ్డ, పాలకూర మామూలు కొలతలో చాలామందికి పడతాయి. కాలీఫ్లవర్ వద్దు.

పీచు తినండి, పీచు తినండి అని మీ పేజీలో ప్రతి వారం రాస్తారు. ఏ పీచు? గోధుమ తవుడు లాంటి కరగని పీచు ఐబీఎస్‌లో చాలామందికి ఉబ్బరాన్ని పెంచుతుంది, ఇందాక చెప్పిన బ్రిటన్ మార్గదర్శకాలే దాన్ని తగ్గించమంటున్నాయి. ఇసబ్గోల్ లాంటి కరిగే పీచు మేలు చేస్తుంది, అది కూడా అర చెంచాతో మొదలుపెట్టి, దండిగా నీళ్లు తాగుతూ. ఒకే మాటతో రెండూ చెప్పేస్తే మలబద్ధకం ఉన్నవాడు తవుడు తిని ఇంకాస్త ఉబ్బరం తెచ్చుకుంటాడు.

ఇంత చదివాక భయపడి అన్నీ మానేసేవాళ్లు ఉంటారని నాకు తెలుసు. మా దగ్గర ఒక హమాలీ ఉన్నాడు. ఏది తిన్నా పడట్లేదని నెలల తరబడి మజ్జిగన్నం, ఉప్పు తప్ప ఏమీ ముట్టలేదు. మనిషి బస్తా ఎత్తలేని స్థితికి వచ్చాడు. మజ్జిగలోనూ లాక్టోజ్ ఉందని, ఆ తిండితో కూడా కడుపు తేలిక కాకపోవచ్చని అతనికి చెప్పినవాళ్లు లేరు. ఫాడ్‌మ్యాప్ పద్ధతి జన్మంతా చేసే పథ్యం కాదు. ఫాడ్‌మ్యాప్‌లు ఎక్కువున్న వాటిని రెండు నుంచి ఆరు వారాలు మాత్రమే ఆపాలి. కడుపు తెరిపిన పడితే ఒక్కో రకాన్ని విడిగా, మూడు రోజుల పాటు కొద్ది కొద్దిగా పెంచుతూ తిని చూడాలి. ఈ వారం కాస్త పాలు, వచ్చే వారం గోధుమ, ఆ తర్వాత కందిపప్పు. పడినవన్నీ మళ్లీ పళ్లెంలోకి వచ్చేయాలి. చివరికి ఒకటో రెండో మిగులుతాయి, నాకు ఎర్రగడ్డ మిగిలినట్టు. ఇంకొకరికి పాలే శత్రువు కావచ్చు, ఎర్రగడ్డ ఎంత తిన్నా ఏమీ కాకపోవచ్చు. ఆరు వారాలు ఆపినా తేడా లేకపోతే ఇది మీ దారి కాదు, డాక్టర్ దగ్గరికి వెళ్లి వేరే దారి చూడాలి. కుదిరితే ఇదంతా డైటీషియన్‌ను అడిగి చేయడం మేలు, కానీ మండల కేంద్రాల్లో డైటీషియన్ ఎక్కడ దొరుకుతారు చెప్పండి, అందుకే పేపర్ రాయాలంటున్నా.

ఇంకొకటి, ఏ పట్టిక వేసినా దాని నెత్తిన ఇది పెద్ద అక్షరాల్లో వేయండి: మలంలో రక్తం పడినా, కారణం లేకుండా బరువు తగ్గినా, రక్తహీనత వచ్చినా, జ్వరం ఉన్నా, నిద్రలోంచి లేపే విరేచనాలు అయినా, 50 దాటాక కొత్తగా మొదలైనా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉన్నా, తిండి ప్రయోగాలు కట్టిపెట్టి ముందు పరీక్ష చేయించుకోవాలి. గోధుమ మానే ముందే సీలియాక్ (గోధుమలోని గ్లూటెన్ పడక పేగు దెబ్బతినే జబ్బు) రక్త పరీక్ష చేయించాలి, మానేశాక చేయిస్తే జబ్బున్నా లేనట్టే రావచ్చు. మందుల షాపులో కడుపునొప్పి అనగానే ఇచ్చే అమీబా మాత్రలు పరీక్ష లేకుండా ఏడాదికి నాలుగుసార్లు మింగేవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అమీబా ఉంటే పరీక్షలో కనపడనీ, అప్పుడు మింగుదురు గానీ.

టెన్షన్ గురించి రెండు మాటలే రాస్తాను, మీరు ఎలాగూ వారం వారం రాస్తుంటారు. ధర పడిపోయి రైతు బస్తాల ముందు కూలబడి గొడవకు దిగిన రోజు, నేను ఏం తిన్నా తినకపోయినా నా కడుపు తిరగబడుతుంది. మెదడుకూ పేగుకూ మధ్య నరాల దారి ఉంది, దాన్ని ఏ సంగటీ మూయలేదు. అట్లాంటి రోజు తిన్నదాన్ని అనుమానించి ఆ వస్తువును పట్టికలోంచి కొట్టేయకూడదు, మామూలు రోజు మళ్లీ తిని చూడాలి. భోజనం వేళ తప్పించకుండా, గబగబా మింగకుండా తిన్నా సగం మేలు.

చివరగా హోటళ్ల వాళ్లకు మీ పేపర్ ద్వారా ఒక విన్నపం. కార్తీకంలో అయ్యప్ప మాలలు వేసుకోగానే మన ఊళ్లలో ఎన్నో హోటళ్లు ఎర్రగడ్డ, తెల్లగడ్డ లేని భోజనమని బోర్డు కడతాయి. మంత్రాలయం మఠంలో వేల మందికి ఏడాది పొడవునా అవి లేకుండానే వండి పెడుతున్నారు, రుచికి వంక పెట్టినవాడిని నేను చూడలేదు. అంటే చేయడం వచ్చు, చేస్తున్నారు కూడా. మాలలు తీసేశాక ఆ బోర్డు ఎందుకు దించేయాలి? మొత్తం భోజనం అక్కర్లేదు, ఒక చారు, ఒక వేపుడు అవి రెండూ లేకుండా విడిగా ఉంచి, అడిగినవాళ్లకు వేయండి. అడిగినవాడు డబ్బులు మామూలుగానే ఇస్తాడు. ఊరికి పని మీద పోయినప్పుడు బిస్కెట్ ప్యాకెట్టుతో పూట గడిపే మాలాంటివాళ్లు ఆ హోటల్‌కే వెతుక్కుంటూ వస్తారు.

ఇట్లు,
ఎర్రగడ్డల మండీ గుమాస్తా,
కర్నూలు